కప్పులో పండు ఎక్కడుంది?

యూనియన్ కార్యదర్శి మొన్న డిపార్టుమెంటుకి వచ్చి, "సార్, సావనీరుకి మీరు తప్పకుండా ఒక వ్యాసం ఇవ్వాలి. కెమిస్ట్రీ మాత్రం వద్దు సార్" అన్నాడు. కెమిస్ట్రీ లేనిదేముంది నాయనా అని అడగబోయి ఊరుకున్నాను. అప్పుడే కాంటీన్ నుంచి టీ వచ్చింది. "టీ గురించి రాస్తానులే" అన్నాను. కార్యదర్శి సంతోషంగా వెళ్ళిపోయాడు. పాపం!

అయితే ఇది మన కాంటీన్ టీ గురించి కాదు. పాలు, చక్కెర, దంచిన అల్లం పడి, పొద్దుటి నుంచి మరుగుతూ ఉండే ఆ ద్రవం గురించి మీకు తెలియనిది నాకేమీ తెలియదు. నేను చెప్పదలచుకున్నది పండ్ల వాసన పట్టించిన విడి ఆకు టీల సంగతి. ఇలాంటివి మన ఊళ్ళో తాగేవాళ్ళు తక్కువే. నేనూ కోరి తాగినవాణ్ణి కాను.

మా అక్క కూతురు జర్మనీలో హాంబర్గులో ఉంటుంది. టీ వ్యాపారానికి యూరపులో పేరుపడ్డ రేవుపట్నం అది. 2020 జనవరిలో వచ్చినప్పుడు నాలుగు డబ్బాలు తెచ్చింది. ఒకదానిమీద ఎర్రెర్రని పండ్ల బొమ్మ, ఒకదానిమీద లిచీ, ఒకదానిమీద పీచ్, ఇంకోదానిమీద నిమ్మకాయలాంటిదేదో. అది బెర్గమాట్ అని తరువాత తెలిసింది.

మొదటి రోజే ప్రమాదం జరిగింది. ఎర్రపండ్ల డబ్బాలోది రెండు చెంచాలు తీసి, మా ఇంటావిడ మన పద్ధతిలోనే నీళ్ళూ పాలూ కలిపి పొయ్యిమీద పెట్టింది. ఒక్క పొంగు రాకముందే పాలు విరిగి, గులాబీరంగు ముక్కలు తేలాయి. "ఫారిన్ టీ కదా, మన పాలు పడలేదు కాబోలు" అంది. అక్క కూతురు నవ్వి, "అత్తయ్యా, దాంట్లో అసలు టీ ఆకే లేదు" అంది.

డబ్బా వెనక రాసింది చదివించాను. ఎండు ఆపిల్ ముక్కలు, అడవిగులాబీ కాయల తొక్కలు, ఒక మందారజాతి పువ్వు. ఆ పువ్వు శాస్త్రీయ నామం హైబిస్కస్ సబ్దారిఫా. వృక్షశాస్త్రం లెక్చరరుగారికి ఫోను చేస్తే ఆయన పెద్దగా నవ్వారు. అది మన ఎర్ర గోంగూర! పూరేకులు రాలిపోయాక కాయను చుట్టుకుని, కండపట్టి, ఎర్రగా మిగులుతాయే, ఆ రక్షక పత్రాలను ఎండబెట్టి వాడతారు. సూడాన్‌లో వాటితో కర్కదే అనే పానీయం కాచుకుంటారు. కాబట్టి యూరపులో "పండ్ల టీ" పేరుతో ఎర్రగా, పుల్లగా దొరికే వాటిలో చాలావాటి రంగూ పులుపూ స్ట్రాబెరీవి కావు. మనం పప్పులో వేసుకునే మొక్కవి. సిట్రిక్, మాలిక్ ఆమ్లాలతోబాటు ఆ మొక్క పేరుతోనే హైబిస్కస్ ఆమ్లం అని ఒకటి కూడా అందులో ఉంటుంది. పాలలోని కేసీన్ పి.హెచ్. 4.6 దగ్గర ముద్దకడుతుంది. ఇక విరగక ఏంచేస్తుంది? గోంగూర పప్పులో పాలు పోసేవాళ్ళను ఎక్కడైనా చూశామా! ఆ ఎరుపు ఆంథోసయనిన్‌ది. చిటికెడు వంటసోడా వేస్తే నీలం, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. లిట్మస్ కాగితాలు అయిపోయిన రోజున పనికొస్తుందని గుర్తుపెట్టుకున్నాను.

మిగతా మూడు డబ్బాల్లో నిజమైన తేయాకే ఉంది. మనం వాడే టీ పొడి 1930ల్లో అస్సాంలో పుట్టిన సి.టి.సి. పద్ధతిది. ఆకును నలిపి, చించి, చుట్టే యంత్రంలోంచి గుళికలుగా వస్తుంది. ఇవి అలా కాదు, మెలితిరిగిన పొడుగాకులు. ఆ ఆకుల మధ్య పసుపుపచ్చ పూరేకులు, ఎండుపండు ముక్కలు కంటికి ఇంపుగా కనిపిస్తాయి. కళ్ళకే అని నా అభిప్రాయం. పండును ఎండబెట్టేటప్పుడే తేలిగ్గా ఆవిరయ్యే సువాసన ద్రవ్యాలు చాలా మటుకు పోతాయి. మిగిలిన కాస్తా మూడు నాలుగు నిమిషాల్లో నీళ్ళలోకి దిగేలోపు ఆ ముక్క సరిగా నానను కూడా నానదు. మూత తీయగానే గుప్పుమనే పీచ్ వాసన ఆ ముక్కది కాదు. ఆకుమీద చల్లిన సుగంధ ద్రవ్యానిది.

ఆ ద్రవ్యాలు మన డిగ్రీ విద్యార్థులకు కొత్తవేమీ కావు. ల్యాబ్‌లో ఎస్టర్ పరీక్ష చేసినప్పుడు పండు వాసన వచ్చిందని రికార్డులో రాస్తారు గదా, ఇదే సంగతి. ఐసో అమైల్ ఎసిటేట్ అరటిపండు, ఇథైల్ బ్యుటిరేట్ అనాస. పీచ్ వాసనకు వాడే గామా అన్‌డెకాలాక్టోన్‌ను సుగంధాల వర్తకులు ఇప్పటికీ "ఆల్డిహైడ్ సి-14" అంటారు. అది ఆల్డిహైడూ కాదు, దానిలో కార్బన్లు పద్నాలుగూ లేవు, పదకొండే. పరీక్షలో మీరలా రాస్తే నేను సున్నా వేస్తాను.

వాసన పట్టించడం మోసం అని నేననను. చైనాలో ఫూజౌ ప్రాంతంలో రాత్రివేళ విచ్చే మల్లెమొగ్గలను ఆకుతో కలిపి ఉంచి, తెల్లారి పూలు ఏరేసి, మళ్ళీ కొత్త పూలతో అదే పని చేస్తారు. ఆకు వాసనను పీల్చుకుంటుంది. (మీ ఇంట్లో టీ డబ్బాను ఇంగువ డబ్బా పక్కన పెట్టి చూడండి, చైనాదాకా పోనక్కర్లేదు.) బెర్గమాట్ దక్షిణ ఇటలీలో కలాబ్రియాలో పండే పుల్లని కాయ. ఎవరూ ఒలుచుకు తినరు. తొక్కలోంచి తీసిన నూనెకే గిరాకీ. ఆ నూనె పట్టించిన టీకి 1830 నుంచి 1834 వరకు ఇంగ్లండు ప్రధానిగా ఉన్న ఎర్ల్ గ్రే పేరు తగిలించారు. ఒక చైనా అధికారి ఆయనకు ఆ కిటుకు బహుమానంగా ఇచ్చాడనే కథకు ఆధారం లేదు. నాసి టీని మంచి టీగా చెలామణి చెయ్యడానికి బెర్గమాట్ కలుపుతున్నారని ఆ రోజుల్లో ఫిర్యాదులుండేవి. ఆ ఎత్తు నేటికీ ఉంది. ఆకు ఎంత పేలవమైనదైతే పైవాసన అంత గట్టిగా కొడతారు.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివి చెప్పగలిగేదే. అనుభవంలోకి వచ్చింది మాత్రం 2021 మే నెలలో.

కోవిడ్ వచ్చింది. ఆస్పత్రిదాకా పోలేదు. పదిరోజుల్లో లేచి తిరిగాను. వాసన మాత్రం తిరిగి రాలేదు. పొయ్యిమీద పాలు అడుగంటి మాడుతుంటే పక్కగదిలో నిమ్మళంగా పేపరు చదువుకుంటున్నాను. కాలేజీ తెరిచాక ల్యాబ్‌లో అమ్మోనియా సీసా మూత తీసి చూశాను. కళ్ళు మండాయి, ముక్కు చురుక్కుమంది, వాసన లేదు. ఆ చురుకుదనం వేరే నాడి పనిట. అది బాగానే ఉంది. భయం వేసింది. సాల్ట్ అనాలిసిస్ చేసే పిల్లల మధ్య నిలబడే మనిషిని. హైడ్రోజన్ సల్ఫైడ్ లీకైతే ముందు పసిగట్టాల్సినవాణ్ణి నేనే. ఎవరికీ చెప్పకుండా మా ల్యాబ్ అటెండరుని నా ముక్కుగా నియమించుకున్నాను. ఈ మాట ఇప్పుడే బయటపెడుతున్నాను. ఆ సంవత్సరం విద్యార్థులు క్షమించాలి.

ఒక సాయంత్రం ఆ నాలుగు డబ్బాలూ దించి నాలుగు కప్పులు కలుపుకున్నాను. ఎర్రది పుల్లగా ఉంది, అంతే. మిగతా మూడూ వేడిగా, కాస్త చేదుగా, వగరుగా ఒకటేలా ఉన్నాయి. లిచీ లేదు, పీచ్ లేదు. మూడు రకాలకు మూడు ధరలు పెట్టి కొన్న పిల్లను తలుచుకుని ముందు నవ్వొచ్చింది. తరువాత చాలాసేపు రాలేదు.

మీరూ ఒక పని చెయ్యండి. కళ్ళు మూసుకుని, ముక్కు గట్టిగా పట్టుకుని, ఒక నారింజ బిళ్ళ నోట్లో వేసుకోండి. తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, నారింజ తెలియదు. ఇప్పుడు ముక్కు వదలండి. నారింజ ఒక్కసారిగా వచ్చేస్తుంది. ఎక్కడినుంచి? గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కిన ఆవిరినుంచి. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, జపాన్ శాస్త్రజ్ఞుడు ఇకెదా 1908లో గుర్తించిన ఉమామి. పండు పేరు నాలుకకు తెలియదు. వగరును పాశ్చాత్యులు రుచుల్లో కలపరు. టీలోని పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంవల్ల కలిగే గరుకు స్పర్శ అంటారు. మన షడ్రుచుల్లో మాత్రం దానికి పీట ఉంది. ఆ పీట తీసెయ్యడం నాకిష్టం లేదు. వాసన పోయిన రోజుల్లో నాకు తోడున్న రుచుల్లో అదొకటి.

మందులేమీ పెద్దగా లేవన్నారు డాక్టరుగారు. జర్మనీలోనే డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన ఒక సాధన ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలను రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాలు, మనసుపెట్టి పీల్చడం. చేసినవాళ్ళలో కొందరికి గుణం కనిపించింది. ముక్కులోని వాసన కణాలు పుట్టుతూ పోతూ ఉండేవే గనుక ఆశకు తావుంది. ఫోన్లో చెబితే మా మేనకోడలు, "మావయ్యా, ఆ నాలుగూ చెయ్యి, నా డబ్బాలు కూడా చేర్చుకో" అంది.

టీ రుచి చూడటానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, 1980లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 3103. నూరు మిల్లీలీటర్లకు రెండు గ్రాముల ఆకు, తెల్ల పింగాణీ పాత్ర, ఆరు నిమిషాలు. దీని బ్రిటిష్ మాతృకకు 1999లో హాస్యానికిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వుకున్నా సరే, కప్పుకీ కప్పుకీ పోలిక కావాలంటే కొలత తప్పదు. వాసన టీలకు ఆరు నిమిషాలు ఎక్కువని నాకు తోచింది. వగరు ముదిరి మిగతాదాన్ని తొక్కేస్తుంది. నాలుగు చాలు. గోంగూరదానికి పది పెట్టినా ఫరవాలేదు. పాలు, చక్కెర నిషిద్ధం. మా ఇంటావిడ కప్పుల అడుగున చీటీలు అంటించి వరస మార్చి పెట్టేది. నేను చెప్పిన పేరూ, చీటీ పేరూ అబ్జర్వేషన్ బుక్కులో రాసుకునేవాణ్ణి.

ఆరు వారాలు అన్నీ తప్పులే. ఎర్రదొక్కటే ఒప్పు. అది పులుపుచేత గనుక లెక్కలోకి రాదు. ఏడోవారంలో ఒక కప్పు మీద వంగినప్పుడు ఎక్కడో దూరంగా, నిమ్మతొక్క గిల్లినట్టు ఒక్క క్షణం. బెర్గమాట్. మళ్ళీ వంగితే లేదు. ఆ తరువాత కొన్నాళ్ళు అన్ని వాసనలూ తారుమారయ్యాయి. కాఫీ కాలిన రబ్బరులా ఉండేది. తమ్ముళ్ళింటికి వెళ్తే కాఫీ వద్దన్నానని నొచ్చుకున్నారు. మరో మూడు నెలలకు లిచీ వచ్చింది.

పోయి వచ్చినదాన్ని మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడు. ఒంపేసిన తడి ఆకును మూతకిందనుంచి ముందు వాసన చూస్తాను. పొడి ఆకులో పైవాసనే మాట్లాడుతుంది, తడి ఆకులో అసలు ఆకు గొంతు వినిపిస్తుంది. తరువాత గాలితో కలిపి జుర్రుమని పీలుస్తాను. చిన్నప్పుడు దీనికే మా నాయనమ్మ మొట్టికాయలు వేసేది. టీ రుచి చూడటం వృత్తిగా ఉన్నవాళ్ళందరూ చేసేది ఇదే. గాలి ఆవిరిని గొంతు వెనకకు తోస్తుంది. సగం తాగి, చల్లారనిచ్చి, మిగతా సగం తాగుతాను. చల్లారేకొద్దీ చల్లిన వాసన జారిపోతుంది. అప్పుడు కూడా కప్పులో ఏదైనా మిగిలితే ఆకు మంచిది. లిచీలో మిగులుతుంది. లినలూల్, జెరానియాల్ లిచీలోనూ ఉన్నాయి, తేయాకులోనూ ఉన్నాయి. అందుకే ఎక్కడ పండు ఆగి ఎక్కడ ఆకు మొదలైందో తెలియదు.

ఏ పండూ కలపకుండానే పండు వాసన ఇచ్చే ఆకూ ఉంది. డార్జిలింగ్‌లో మే, జూన్ నెలల కోతకు ముదురు ద్రాక్ష వాసన వస్తుంది. లేత చిగుళ్ళను చిన్న పచ్చదోమలు కొరుకుతాయి. మొక్క ఆత్మరక్షణకోసం కొన్ని ద్రవ్యాలు తయారుచేసుకుంటుంది. ఆ రక్షణ ప్రయత్నమే మన కప్పులో సువాసన. తైవాన్‌లోనూ పురుగు కొరికిన ఆకుతోనే తేనెవాసన ఊలాంగ్ చేస్తారు. ఒక పొట్లం తెప్పించి తాగాను. మూడు పైవాసనల డబ్బాలకంటే అదే నాకు నచ్చింది.

పీచ్ మాత్రం ఇంకా రాలేదు. కొత్త డబ్బా రెండుసార్లు పంపింది మా మేనకోడలు. మొన్న ఆదివారం ఒక కప్పు పీల్చగానే మెత్తగా, తియ్యగా వాసన తగిలి, "పీచ్!" అని అరిచాను. మా ఇంటావిడ కప్పు ఎత్తి చీటీ చూపించింది. మామూలు టీ పొడి. ఆ పూట డబ్బా తియ్యడానికి బద్ధకించి ఇంట్లో టీ వడగట్టి పెట్టిందట.

బుక్కులో తేదీ వేసి, తప్పు అని రాసుకున్నాను. పీచ్ డబ్బా ఇంకా సగముంది.