మురుగునీటిలో సీసాన్ని పట్టేసే అరటి తొక్క

నంద్యాల, ఆళ్లగడ్డ బజార్లలో అరటిపండ్ల బండ్లకు కొదవ లేదు. మహానంది చుట్టూ అరటి తోటలే. పండు తిన్నాక తొక్క మాత్రం చెత్తకుప్పకో, ఆవు నోటికో పోతుంది. కానీ మురుగునీటిలో కలిసిన సీసం, రాగి, కాడ్మియం లాంటి భారలోహాలను పట్టి ఉంచే గుణం ఆ తొక్కకు ఉంది.

ముప్పు ఏమిటి?

పాత బ్యాటరీలు విప్పే చోట సీసం, లోహపు పూత పనుల్లో క్రోమియం, నికెల్ మురుగులోకి వెళ్తాయి. ఇవి చెత్తలా కుళ్లిపోవు. నంద్యాల పక్కన పారే కుందూ కడప జిల్లాలో పెన్నాలో కలుస్తుంది. అంటే ఇక్కడి కాలువలో పడింది దిగువ పొలాల దాకా పోగలదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని బీఐఎస్ పరిమితి పెట్టింది. నీళ్లు కాచినా సీసం పోదు.

తొక్క ఎలా పనిచేస్తుంది?

తొక్కలోని పెక్టిన్, సెల్యులోజ్‌ల మీద రుణావేశం ఉన్న చోట్లు ఉంటాయి. నీటిలోని సీసం, రాగి అయాన్లది ధనావేశం. రెండూ అతుక్కుంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. ఆమ్లంతో కడిగితే ఆ పట్టు వదులుతుంది, పొడిని మళ్లీ వాడొచ్చు. బ్రెజిల్‌లో గుస్తావో కాస్ట్రో బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో అరటి తొక్క పొడితో నది నీటి నుంచి సీసం, రాగిని తీశారు. ఒకే పొడి 11 సార్ల వరకు పనిచేసింది. చీనీ తొక్కకూ ఇలాంటి గుణమే ఉంది.

ఇంట్లో చేయొచ్చా?

వద్దు. తాగే నీళ్లలో తొక్క వేస్తే రంగు మారి, కుళ్లి, సూక్ష్మజీవులు పెరుగుతాయి. లోహం ఎంత పోయిందో ల్యాబ్ పరీక్ష లేకుండా తెలియదు. పైగా లోహం మాయం కాదు, నీటిలోంచి తొక్కలోకి మారుతుంది, అంతే. వాడిన తొక్కను పశువులకు వేసినా, ఎరువుగా చల్లినా విషం తిరిగి మన దగ్గరికే వస్తుంది. కాబట్టి ఇది వర్క్‌షాపుల మురుగును కాలువలో కలిపే ముందు, నిపుణుల పర్యవేక్షణలో చేయాల్సిన పని.

ఇళ్లలో మనం చేయగలిగింది ఇంకొకటి ఉంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులదే. ఇన్వర్టర్, బైక్ బ్యాటరీ పాడైతే కొన్న డీలర్‌కే తిరిగి ఇవ్వాలి. అందులోని యాసిడ్‌ను కాలువలో పారబోయకూడదు. నీళ్లలో కలిశాక తీయడం కన్నా కలవకుండా చూడటమే తేలిక.