టవరు మాట వస్తుంది, మన మాట పోదు

మన్సూరాబాద్‌లో నేనుండే గదిలో సెల్లుకు నిండా గీతలు ఉంటాయి. మా ఊళ్లో బాయి కాడ కూడా ఒకటో రెండో గీతలు కనిపిస్తూనే ఉంటాయి. అయినా నాయన "హలో, హలో" అని అరుస్తూనే ఉంటాడు. అవతలివాళ్ల మాట ఈయనకు వినిపిస్తది, ఈయన మాట వాళ్లకు పోదు. ఫోను ఖరాబైందని ఊళ్లో అందరూ అనుకుంటారు. అసలు సంగతి వేరు.

టవరు పదుల వాట్ల బలంతో పలుకుతుంది. మన చేతిలోని ఫోను ఎంత గట్టిగా పలికినా మామూలుగా ఒక వాటులో ఐదోవంతే. అంటే అవతలివాడు మైకులో మాట్లాడుతుంటే మనం గుసగుసగా జవాబు చెబుతున్నామన్నమాట! దూరం పెరిగేకొద్దీ ముందు తెగేది మన వైపు దారే.

మరి ఫోను బలం పెంచరాదా? ఇక్కడే ఉంది చిక్కు. ఫోను పంపే అల ఒక్క తీరుగా సాగదు, నడుమ నడుమ శిఖరాలు లేస్తాయి. ఆ శిఖరాల దగ్గర యాంప్లిఫయర్ అలను వంకర చేస్తుంది. అందుకని ముందుజాగ్రత్తగా మొత్తం బలాన్నే తగ్గించి నడుపుతారు. ఊగుతూ నడిచేవాడు తొణుకుతుందని బిందెను వెలితిగా నింపుకున్నట్టు. నడక కుదురైతే నిండా నింపుకోవచ్చు గదా.

ఆ నడకను కుదుర్చే పద్ధతి మీద మన నగరానికి పడమటి చివర, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి గారి బృందం పనిచేసింది. అక్కడే ఆయన స్థాపించిన వైసిగ్ నెట్‌వర్క్స్ అనే స్టార్టప్ పుట్టింది. పద్ధతి పేరు నోరు తిరగదు: పై బై టూ బి.పి.ఎస్.కె. ప్రతి బిట్టుకూ అలను తొంభై డిగ్రీలు తిప్పుతూ పోతారు. దాంతో అల సున్నా గుండా పోదు. ఆపైన ఒక ఫిల్టరుతో నునుపు చేస్తే శిఖరాలు చాలావరకు అణిగిపోతాయి. వేగం తగ్గుతుంది, నిజమే. కాని ఊరి అంచున ఉన్నవాడికి సినిమా కన్నా మాట తెగకుండా ఉండటం ముఖ్యం.

అంతర్జాతీయ టెలికం సంస్థ ఐ.టి.యు. 5జి పరీక్షలకు పెట్టుకున్న లెక్కలో, పల్లెల్లో టవరుకూ టవరుకూ మధ్య దూరం 1,732 మీటర్లు. ఏ పల్లెలో ఉన్నాయండీ అన్ని టవర్లు! మనవాళ్లు పట్టుబట్టగా 2017లో 6,000 మీటర్ల కొలత కూడా చేరింది. మన గ్రామపంచాయతీకి ఒక టవరు పెడితే చుట్టుపక్కల ఊళ్లకు అందాలన్నది అందులోని ఆలోచన.

తరువాత ఈ మార్పులతో '5జిఐ' అనే భారతీయ ప్రమాణం తయారై ఐ.టి.యు. ఆమోదం పొందింది. వెంటనే పేచీ! వేరే ప్రమాణమంటే వేరే ఫోన్లు, ఖర్చు పెరుగుతుందని సర్వీసు కంపెనీలు ఒప్పుకోలేదు. చివరకు 2021 డిసెంబరులో దాన్ని ప్రపంచమంతా వాడే 3జి.పి.పి. ప్రమాణంలో, 17వ విడతలో, కలపడానికి ఒప్పందం కుదిరింది. దీన్ని ఓటమి అన్నవాళ్లున్నారు. నేననను. మన ఒక్కరి కోసం చేసిన ఫోను అంగట్లో అగ్గువకు దొరకదు. 2022లో వైసిగ్, ఐ.ఐ.టి. కలిసి స్వదేశీ పరికరాలతో 5జి డేటా కాల్ కూడా చేసి చూపాయి.

ఇక మిగిలింది ఫోను దాకా రావడం. ఈ పద్ధతిని చిప్పు చేసేవాడు పెట్టాలి, సర్వీసు నడిపేవాడు వాడాలి. కొత్త ఫోను డబ్బా మీద కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఇది ఉందో లేదో మాత్రం వేయరు.