ట్రాలీ తోసిన స్టూడెంట్లకే దొరికే పుస్తకాలు

డిగ్రీ సెకండియర్‌లో నాకు దొరికిన మొదటి పని చాలా చిన్నది. ఎవరో చదివి టేబుల్ మీద వదిలేసిన పుస్తకాన్ని తీసుకెళ్లి మళ్లీ దాని చోట్లో పెట్టడం. హైదరాబాద్‌లో మా కాలేజీ లైబ్రరీలో, క్లాసులు అయిపోయాక రెండు గంటలు. నెలాఖరుకు బస్ పాస్, జిరాక్స్ ఖర్చులు వెళ్లేంత ఇచ్చేవారు. "ఇదీ ఒక పనేనా?" అని ఇంట్లో నవ్వారు.

ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ సందర్భం కోసం, చదువుకుంటూ లైబ్రరీల్లో పని చేసినవాళ్లతో, ఇప్పుడు చేస్తున్నవాళ్లతో మాట్లాడాను. అడిగినవి రెండే ప్రశ్నలు. మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది? మర్చిపోలేని రోజు ఏది? పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నా సంగతి కూడా కలిపి చెప్తున్నాను.

నంబర్ అంటే పుస్తకం అడ్రస్

ముందు పని ఏంటో చూద్దాం. చాలా కాలేజీ లైబ్రరీల్లో డ్యూయీ పద్ధతి వాడతారు. మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ 1876లో దీన్ని అచ్చు వేశాడు. ఇందులో సబ్జెక్టులన్నిటినీ 000 నుంచి 999 వరకు పది భాగాలు చేస్తారు. అకౌంటింగ్ 657. ఇస్లాం 297. తెలుగు సాహిత్యం 894.827. ఉర్దూ సాహిత్యం 891.439. పుస్తకం వెన్ను మీద అంటించే లేబుల్‌లో ఈ నంబరే ఉంటుంది.

మొదటి వారంలోనే తప్పు చేశాను. 42 కంటే 8 చిన్నది కదా అని 657.8ని 657.42 కంటే ముందు పెట్టేశాను. లైబ్రేరియన్ మేడమ్ చూసి, "బీకాం చదువుతున్నావ్, దశాంశాలు మర్చిపోయావా బాబూ?" అన్నారు. పాయింట్ తర్వాత ఉన్నది నలభై రెండు కాదు. నాలుగు, ఆ తర్వాత రెండు. నాలుగు ఎనిమిది కంటే ముందే వస్తుంది.

చిన్న తప్పే అనిపిస్తుంది. కానీ పుస్తకం ఒక్క అర మారినా పోయినట్టే లెక్క. కంప్యూటర్‌లో "ఉంది" అని చూపిస్తుంది, ర్యాక్‌లో కనపడదు. అందుకే రోజూ కొన్ని అరలు తీసుకుని వరుసగా నంబర్లు చూసుకుంటూ పోవాలి. దాన్ని షెల్ఫ్ రీడింగ్ అంటారు. మెడ పక్కకి వంచి గంటసేపు నంబర్లు చదివితే రాత్రికి మెడ పట్టేస్తుంది.

ఒక జిల్లా కేంద్రంలో అమ్మాయిల డిగ్రీ కాలేజీలో పని చేసిన ఒక చెల్లి మర్చిపోలేని రోజు కూడా ఇలాంటిదే. ఫైనలియర్ అమ్మాయి నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం వచ్చింది. ఆమె పేరు మీద ఒక పుస్తకం బాకీ ఉంది. "నేను ఇచ్చేశాను" అని ఏడుస్తోంది. రికార్డులో లేదు. నో డ్యూస్ లేకపోతే టీసీ ఇవ్వరు. మన చెల్లి సాయంత్రం దాకా వెతికితే, ఎకనామిక్స్ పుస్తకం హిస్టరీ అరలో దొరికింది. రిటర్న్ ఎంట్రీ వేయకుండానే ఎవరో దాన్ని లోపల పెట్టేశారు, అది కూడా తప్పు చోట. "నాకు ఆ రోజు అర్థమైంది భాయ్, మనం పుస్తకం సరిగ్గా పెట్టకపోతే ఎవరిదో టీసీ ఆగిపోతుంది" అంది.

ఆమెకు నచ్చిన పుస్తకం మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన 'దర్గామిట్ట కతలు'. అది ఒకే వారంలో మూడుసార్లు రిటర్న్ ట్రాలీలోకి వచ్చిందట. ఇంతమంది తీసుకెళ్తున్నారంటే ఏదో ఉందని తనూ ఇంటికి తీసుకెళ్లింది. "మా ఇంట్లో మాట్లాడుకునే మాటలు తెలుగు అచ్చులో చూడటం అదే ఫస్ట్ టైం" అంది.

'ఉర్దూ బుక్' అని రాసిన వరుస

ఇక నా సంగతి. థర్డ్ ఇయర్‌లో మా లైబ్రరీలో స్టాక్ వెరిఫికేషన్ జరిగింది. అంటే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఉన్న ప్రతి పుస్తకం ర్యాక్‌లో ఉందో లేదో సరిచూడటం. పాడైనవి, ఎవరూ తీసుకోనివి లిస్టు రాసి, పైవాళ్ల అనుమతి తీసుకుని తొలగిస్తారు. మూలన రెండు బీరువాల నిండా ఉర్దూ పుస్తకాలున్నాయి. రిజిస్టర్‌లో చాలా వాటి ఎదురుగా రచయిత లేడు, పేరు లేదు. వరుసగా 'ఉర్దూ బుక్' అని మాత్రమే ఉంది.

ఎందుకంటే స్టాఫ్‌లో ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఉర్దూ పుస్తకం కుడి నుంచి ఎడమకు తెరుచుకుంటుంది. అది తెలియక డ్యూ డేట్ స్లిప్పు మొదటి పేజీలో పడాల్సింది ఆఖరి పేజీలో అంటించారు. లేబుళ్లు కొన్ని తలకిందులు. నంబర్ లేనివి చాలా. నంబర్ లేకపోతే అర లేదు, అర లేకపోతే అడిగేవాడు లేడు. ఎవరూ అడగడం లేదు కాబట్టి తొలగింపు లిస్టులోకి చేరాయి.

మేడమ్ నన్ను పిలిచి, "నీకు ఉర్దూ వచ్చు కదా?" అన్నారు. ఇంట్లో మాట్లాడేది అదే. కానీ నేను చదివింది ఇంగ్లిష్ మీడియం. అక్షరాలు నానీ దగ్గర నేర్చుకున్నవే. వచ్చని చెప్పడానికి సిగ్గేసింది, రాదని చెప్పడానికి ఇంకా సిగ్గేసింది. అక్షరాల కింద వేలు పెట్టుకుని ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివాను. అర్థం కానివి ఫోటో తీసి అమ్మీకి పంపేవాణ్ని. దాదాపు నెల పట్టింది.

కొన్నిటిని అప్పటికే చెదలు తినేశాయి, వాటిని కాపాడలేకపోయాం. మిగిలినవాటిలో మఖ్దూం మొహియుద్దీన్ కవితలు 'సుర్ఖ్ సవేరా' ఉంది. పత్రస్ బుఖారీ హాస్య వ్యాసాలు 'పత్రస్ కే మజామీన్' ఉంది. నాకు బాగా నచ్చిన పుస్తకం రెండోదే. హాస్టల్‌లో ఉండనివ్వమని ఇంట్లోవాళ్లను బతిమాలుతూ, ఏటా పరీక్ష తప్పే కుర్రాడి వ్యాసం ఒకటుంది అందులో. బీరువా వెనక కూర్చుని నవ్వుతుంటే అటెండర్ అన్న వచ్చి చూసి వెళ్లాడు.

గాలిబ్ ఏ అరలో ఉండాలి?

ఆ పనిలోనే ఒక తెలుగు పుస్తకం బయటపడింది. గాలిబ్ గజళ్లకు దాశరథి చేసిన తెలుగు అనువాదం 'గాలిబ్ గీతాలు'. ఒక సీనియర్ అన్న దాని కోసం తెలుగు ర్యాక్‌లో ఎన్నిసార్లు వెతికాడో. కంప్యూటర్‌లో ఉంది, అరలో లేదు.

నిజానికి అది తప్పిపోలేదు. డ్యూయీ పద్ధతిలో అనువాదం ఏ భాషలో ఉన్నా, మూలం ఏ భాషదైతే ఆ సాహిత్యం కిందే పెడతారు. కాబట్టి దాని నంబర్ 891.439. అది ఉర్దూ పుస్తకాల మధ్యే ఉండాలి, అక్కడే ఉంది. కానీ తెలుగు చదివేవాళ్లు ఆ బీరువా తెరవరు. ఉర్దూ చదివేవాళ్లు లైబ్రరీకి వచ్చేదే తక్కువ. మేడమ్ ఒక అట్ట ముక్క మీద "గాలిబ్ గీతాలు కోసం 891.439 చూడండి" అని రాయించి తెలుగు అరలో పెట్టించారు. రెండు రోజుల్లో పుస్తకం ఆ అన్న చేతిలో ఉంది.

అమెరికాలో అమ్మీకి దొరికిన నవల

మా ఖాలా కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ యూనివర్సిటీ లైబ్రరీలో రాత్రి షిఫ్ట్ చేస్తున్నాడు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అక్కడ నంబర్‌కు ముందు అక్షరాలుంటాయి. ఉర్దూ పీకే కింద, తెలుగు పీఎల్ కింద వస్తాయి. ఒక రాత్రి పీఎల్ అరలో పాత తెలుగు పుస్తకాలు వరుసగా కనపడేసరికి ఆగిపోయాడట. "ఇవి ఇక్కడికెలా వచ్చాయి భాయ్?" అని నన్నడిగాడు.

దాని వెనక గోధుమల కథ ఉంది. 1954 నాటి పీఎల్ 480 చట్టం కింద అమెరికా మనకు గోధుమలు అమ్మి, డబ్బు రూపాయల్లో తీసుకుంది. 1962 నుంచి ఆ రూపాయల్లో కొంత పెట్టి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపింది. చాలా చోట్ల మన భాషల పుస్తకాలు అలా చేరినవే.

పీకే అరలో అతనికి జీలానీ బానో నవల 'ఐవాన్-ఎ-గజల్' దొరికింది. హైదరాబాద్ జాగీర్దారీ కుటుంబాల కథ. కానీ అతనికి ఉర్దూ చదవడం రాదు. అట్ట ఫోటో, మొదటి నాలుగు పేజీలు వాళ్ల అమ్మీకి వాట్సాప్ చేశాడు. ఆమె ఫోన్‌లో చదివి వినిపించింది. ఖాలా ఇప్పుడు ఆ నవల కోసం హైదరాబాద్‌లో వెతుకుతోంది.

మీరూ అడగండి

ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి. కానీ ఆ ఇద్దరినీ కలపడానికి మధ్యలో వెన్ను మీద పేరు చదవగలిగిన మనిషి కావాలి. మీరు కాలేజీలో ఉంటే సెమిస్టర్ మొదట్లోనే లైబ్రేరియన్‌ను కలవండి. అన్ని చోట్లా డబ్బులివ్వరు, ముందే అడిగి తెలుసుకోండి. ఉర్దూ నెమ్మదిగా చదవగలిగినా సరే, ఆ మాట చెప్పండి. మూలన ఒక బీరువా ఉండే ఉంటుంది.

బీకాంలో మాకు 'తప్పుల సవరణ' అని ఒక చాప్టర్ ఉండేది. రిజిస్టర్‌లో 'ఉర్దూ బుక్' అన్న మాటను ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన పుస్తకం పేరు, రచయిత పేరు రాసేవాణ్ని. మేడమ్ ప్రతిదాని దగ్గర చిన్న సంతకం పెట్టేవారు. ఆ చాప్టర్ నేను సరిగ్గా నేర్చుకుంది అక్కడే.