సముద్రములో తిరగలి

ఆంగ్ల పత్రికలలో ‘మేల్‌స్ట్రోమ్’ అను మాట తరచు కనబడును. యుద్ధమును గాని, దేశములో చెలరేగిన అల్లకల్లోలమును గాని వర్ణించునపుడు దీనిని వాడుదురు. నిఘంటువు చూచినచో ‘పెద్ద సుడిగుండము’ అని యుండును. కాని తొలుత ఇది ఒక చోటికి పెట్టిన పేరు.

నార్వే దేశమున, ఉత్తర ధ్రువవృత్తమునకు ఆవల, లోఫోటెన్ దీవులు కలవు. వాని దక్షిణపు కొసన మోస్కెన్ అను చిన్న దీవి చెంత సముద్రము సుళ్లు తిరుగుచుండును. డచ్చివారి పటములలో ఆ తావునకు ఈ పేరు కనబడును. వారి భాషలో ‘మాలెన్’ అనగా విసరుట, గిరగిర తిరుగుట. ‘స్ట్రోమ్’ అనగా ప్రవాహము. అనగా ఇది తిరగలివలె తిరుగు ప్రవాహము. మన ‘తిరగలి’ కూడ ‘తిరుగు’ అను ధాతువునుండి పుట్టినదే కదా! ఈ మాట 17వ శతాబ్దమున ఆంగ్లములో ప్రవేశించినది. 1841లో ఎడ్గార్ ఎలన్ పో వ్రాసిన కథ దానిని లోకప్రసిద్ధము చేసినది.

అచ్చట సముద్రమునకు అడుగు లేని బిలమున్నదని పూర్వులు నమ్మిరి. ఆ నీరు భూగర్భమార్గమున బోత్నియా సింధుశాఖకు పోవునని 17వ శతాబ్దపు పండితుడు కిర్షర్ తలచెను. నిజమునకు అచ్చట బిలము లేదు, ఉన్నది మెరక. దీవుల నడుమ లోతు సుమారు 40 నుండి 60 మీటర్లు మాత్రమే. ఇరుప్రక్కల అంతకంటె చాల లోతు. ఆటుపోటులవలన ఒకప్రక్క నీటిమట్టము రెండవప్రక్క కంటె హెచ్చును. అపుడు నీరు ఆ మెరకమీదుగా వడిగా పారును. వడిగల నీరు మందగతిగల నీటిని ఒరసికొన్నచోట సుడులు పుట్టును. వరదనాడు వంతెన స్తంభముల వెనుక మనము చూచు సుడులకును కారణమిదియే.

సుమారు ఆరు గంటలకొకమారు ప్రవాహము దిశ మార్చుకొనును. ఆ మార్పువేళ నీరు కొంతసేపు నెమ్మదించును. ఎదురుగాలి వీచినపుడు మాత్రము కెరటములు పడవలకు ప్రాణాంతకము. కావున అచ్చటి జాలరులు గాలిని, ఆటుపోటుల వేళలను ఎరిగి పడవలు నడుపుదురు.

మన ‘సుడిగుండము’ గుంటను స్ఫురింపజేయును. డచ్చి మాట తిరగలిని స్ఫురింపజేయును. మోస్కెన్ చెంతనున్న సముద్రమునకు తిరగలియే సరియైన పోలిక.