మీకు తెలుసా? కుక్కర్‌కు లొంగని పుట్టగొడుగు

బియ్యాన్ని మెత్తటి అన్నంగా మార్చే ప్రెషర్ కుక్కర్, అదే గిన్నెలో వేసిన పుట్టగొడుగు ముక్కను మాత్రం గుజ్జు చేయలేదు.

● కాయగూరల్లో కణాలను అతికించి ఉంచే పెక్టిన్ వేడికి కరిగిపోతుంది. అందుకే ఒక్క విజిల్ ఎక్కువైతే వంకాయ చితికిపోతుంది. పుట్టగొడుగు కణాల గోడల్లో ఉండేది కైటిన్. రొయ్య పెంకులో ఉండేదీ ఇదే. కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్లినా ఇది కరగదు.

● పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీరే. ముక్కల్ని ముందుగా నూనెలో వేయించి, ఊరిన నీరంతా ఇంకాక బియ్యం, ఎసరు పోయండి. దంపుడు బియ్యానికి నాలుగైదు విజిల్స్ పట్టినా ముక్క బిగి తగ్గదు.

● తొలకరి వానలకు బొబ్బిలి చుట్టుపక్కల చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగుల్ని సాగు చేసేది చెదపురుగులే. పుట్ట లోపల అవి పెంచుకునే బూజే వానకు గొడుగై పైకొస్తుంది. బటన్ రకంలా దీన్ని షెడ్లలో పండించలేరు.

జాగ్రత్త: కొన్ని విషపు పుట్టగొడుగుల్లోని అమాటాక్సిన్ అనే విషం కూడా కుక్కర్ వేడికి నశించదు. తిన్నాక 6 గంటలు దాటితే గానీ చాలామందిలో వాంతులు, విరేచనాలు మొదలవవు. అప్పటికే అది కాలేయానికి చేరుతుంది. కచ్చితంగా గుర్తుపట్టగలిగిన రకాన్నే వండండి. అనుమానం ఉంటే పారేయండి. తిన్నాక తేడా అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.