బడి వేళకే కడుపు నొప్పా?

సోమవారం మా ప్రభుత్వాసుపత్రి ఓపీలో రద్దీ ఎక్కువ. ఆ రద్దీలోనే ఏడేళ్ల బాబును తీసుకొచ్చింది వాళ్లమ్మ. ‘‘రెండు నెలల నుంచి కడుపు నొప్పి అంటున్నాడు సార్. పొద్దున బడికి బయల్దేరే వేళకే మొదలవుతుంది. ఆదివారం మాత్రం శుభ్రంగా ఆడుకుంటాడు’’ అంది. అప్పటికే నులిపురుగుల మందు వేయించారు. మూత్ర పరీక్ష, స్కాన్ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ‘‘బడంటే భయమా? టీచర్ కొట్టారా?’’ అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నొప్పికి సిరప్ రాసి పంపేశాను.

అసలు సంగతి వాళ్ల బడిలోని కౌన్సెలర్ దగ్గర బయటపడింది. ఆమె నేల మీద బాబు పక్కనే కూర్చుని, కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి ‘‘మీ బడి బొమ్మ గీసి చూపిస్తావా?’’ అన్నారట. తరగతి గది, జెండా కర్ర, వేపచెట్టు అన్నీ గీశాడు. మూలనున్న ఒక గదిని మాత్రం నల్లగా పూసేశాడు. ‘‘దీని గురించి చెప్తావా?’’ అని అడిగి, ఓపిగ్గా కూర్చున్నారు. కాసేపటికి చెప్పాడు. అది మరుగుదొడ్డి. తలుపుకు గడియ లేదు. ఒకరోజు పెద్ద పిల్లలు తలుపు తోసి నవ్వారు. అప్పట్నుంచీ బడిలో దొడ్డికి వెళ్లడం మానేశాడు. ఆపుకొని ఆపుకొని మలబద్ధకం వచ్చింది. ‘విరేచనం రోజూ అవుతోందా?’ అన్న మామూలు ప్రశ్న నేను అడగనే లేదు.

నటన కాదు, నిజం నొప్పే

పేగులకూ మెదడుకూ మధ్య నాడుల ద్వారా సంబంధం ఉంటుంది. భయం, దిగులు పేగుల కదలికను మారుస్తాయి. మామూలు కదలిక కూడా నొప్పిగా తోస్తుంది. తమకు భయంగా ఉందని మాటల్లో చెప్పడం చిన్నపిల్లలకు కష్టం. అందుకే ‘కడుపు నొప్పి’ అంటారు. ‘బడి ఎగ్గొట్టడానికి వేషాలు’ అని కొట్టిపారేస్తే ఆ కాస్త చెప్పడమూ మానేస్తారు.

కౌన్సెలర్ల పద్ధతి ఇదీ..

• ‘ఎందుకు చేశావు?’ అని అడగరు. పిల్లలకు అది తిట్టులా వినిపిస్తుంది. ‘ఏం జరిగింది? తర్వాత?’ అంటారు.

• జవాబును తామే అందించరు. ‘టీచర్ కొట్టారా?’ అన్న నా ప్రశ్నలాంటివాటికి పిల్లలు పెద్దవాళ్లకు నచ్చే జవాబే చెబుతారు. అమ్మానాన్నల ఎదుట అసలే నోరు విప్పకపోవచ్చు.

• బొమ్మలు, బంకమట్టి, నవ్వు-ఏడుపు ముఖాల చిత్రాలతో మాట కలుపుతారు. నల్లరంగు పూస్తే ఫలానా సమస్య అని తీర్మానించరు. అది మాట మొదలవడానికి ఒక దారి, అంతే.

• ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వరు. ‘నిన్ను కాపాడటానికి అవసరమైతే పెద్దవాళ్లకు చెప్తాను’ అని ముందే చెబుతారు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి.

• పిల్లాడికి ధైర్యం చెప్పి ఊరుకోరు. భయపెట్టిన కారణాన్నీ సరిచేయిస్తారు.

ఈ బాబు విషయంలో అదే జరిగింది. తలుపుకు గడియ పెట్టించారు. అడిగినప్పుడల్లా పంపమని టీచర్‌కు చెప్పారు. మలం మెత్తబడే మందు, నీళ్లు, కూరగాయలు, పండ్లు నేను చూసుకున్నాను. తిన్న తర్వాత పాదాల కింద పీట వేసి, 5-10 నిమిషాలు దొడ్లో కూర్చోబెట్టమన్నాను. ఇలాంటి పిల్లలకు మందు నెలల తరబడి అవసరం కావచ్చు. విరేచనం కాస్త సాఫీ కాగానే ఆపేయకూడదు. మూడో నెలకు వచ్చినప్పుడు వాళ్లమ్మ నొప్పి ఊసే ఎత్తలేదు. దగ్గుకు మందు అడిగింది.

ఇంట్లో ఏం చేయాలి?

బడి నుంచి రాగానే ప్రశ్నలతో మీద పడకండి. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, దుకాణానికి నడుస్తూనో మాట్లాడండి. కళ్లలోకి చూసి అడిగితే చెప్పనివి పక్కన నడుస్తూ చెబుతారు. ‘నొప్పిగా ఉందా? సరే, చూద్దాం’ అనండి. వారానికోసారైనా విరేచనం గురించి, బడిలో మరుగుదొడ్డి గురించి అడగండి. ప్రమాదమేమీ లేదని తేలాక బడి మాన్పించకండి. మానే కొద్దీ భయం పెరుగుతుంది.

బడిలో కౌన్సెలర్ లేకపోతే పిల్లలకు చనువున్న టీచర్‌తో మాట్లాడండి. మానసిక సమస్యలకు టెలి-మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పిల్లలు ఆపదలో ఉన్నారనిపిస్తే 1098కు చెప్పండి.

ఇవి ఉంటే ముందు డాక్టర్ దగ్గరికే..

నొప్పితో రాత్రి నిద్ర లేవడం, బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం, మలంలో రక్తం, పదేపదే లేదా పచ్చగా వాంతులు, జ్వరం, బొడ్డుకు దూరంగా ఒకేచోట నొప్పి. వీటిలో ఏది కనిపించినా భయమో బెంగో అనుకొని ఆలస్యం చేయొద్దు.