తరగతి ఐదు, తీసివేత రెండు

హైదరాబాద్ నుంచి మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ హైవే, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి. ఈ రెండు దారుల్లో స్కూలు బోర్డులకు కొదవ లేదు. టెక్నో అన్నా, ఇంటర్నేషనల్ అన్నా, పక్కనే సర్కారు బడి అన్నా లోపలి అమరిక దాదాపు ఒకటే. జూన్‌లో తరగతి మొదలవుతుంది, పరీక్షల నాటికి సిలబస్ పూర్తవుతుంది, పిల్లలు పై తరగతికి వెళ్తారు. సిలబస్ అయితే అయింది, పిల్లవాడికి వచ్చిందా? 52లోంచి 27 తీసేసి 35 అని రాసే ఐదో తరగతి పిల్లవాణ్ని గమనించండి. వాడు గుడ్డిగా రాయలేదు. 7లోంచి 2, 5లోంచి 2, ఎక్కడికక్కడ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం అనే ఒక్క మెట్టు రెండో తరగతిలోనే తప్పిపోయింది. ప్రోగ్రెస్ కార్డు వాడికి మార్కులు ఇస్తుంది గానీ ఆ మెట్టు పేరు చెప్పదు. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో సగం మంది కూడా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని 2024 అసర్ సర్వే తేల్చింది.

దీనికి మందు స్కూలును మార్చడమే అనుకునేవాళ్లు ఎక్కువ. అమెరికాలో 1991లో మిన్నెసోటా చట్టంతో మొదలైన చార్టర్ స్కూళ్ల వెనక ఉన్నదీ కొంతవరకు ఆ ఆలోచనే: ప్రభుత్వ ధనంతో, ఫీజు లేకుండా, సొంత పద్ధతిలో నడుపుకోండి, ఫలితం చూపలేకపోతే అనుమతి పోతుంది. మనకు అలాంటి చట్టం లేదు కానీ, స్కూలు మారిస్తే ఏమవుతుందో చూసిన ప్రయోగం మాత్రం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 180 ఊళ్లలో లాటరీ తీసి, పేద పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే వోచర్లు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ నాలుగేళ్లు పోయాక పరీక్షిస్తే తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలు సర్కారు బడివాళ్ల కంటే ముందు లేరు. హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడి ఆ పని మూడో వంతు ఖర్చుతో, తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయమిచ్చి చేసిందన్నది కూడా ఒప్పుకోవాలి. అయినా, బోర్డు మారినంత మాత్రాన తీసివేత రాదు.

బోధన స్థాయి మారితే వస్తుంది. బిహార్‌లో 2008 వేసవిలో ప్రభుత్వ టీచర్లే పిల్లలకు తరగతిని బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి నెల రోజులు చెబితే చదువు మెరుగైంది. బడులు తెరిచాక టీచర్లకు శిక్షణ, సామగ్రి మాత్రమే ఇచ్చిన చోట ఆ మెరుగు కనబడలేదు. సిలబస్ తరుముతుంటే వెనకబడ్డవాడి కోసం ఆగే తీరిక ఎవరికి? అప్పటికే మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఈ చిక్కును మొదటికే విప్పారు. చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం వాళ్లు పాఠ్యపుస్తకాన్ని బొమ్మల కార్డులుగా విడగొట్టారు. ఆ కార్డుల వరసను చూపే పటమే గోడ మీది నిచ్చెన. పిల్లవాడు తన మెట్టు తనే చూసుకుని కార్డు తీసుకుంటాడు. మూల్యాంకన కార్డు దాటలేకపోతే సాధన కార్డులు అందుతాయి. ఎవరికీ ఫెయిలన్న ముద్ర పడదు, రానిది వచ్చిందని దాటెయ్యడమూ ఉండదు. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో ఈ పద్ధతి నుంచే నేర్చుకున్నాయి.

తెలంగాణ 2022లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ‘తొలిమెట్టు’ కార్యక్రమం తెచ్చింది. పేరు బాగుంది, దిశ కూడా సరైనదే. కానీ స్థాయిని బట్టి చెప్పమంటూనే పాఠాలు గడువులోగా ముగించమంటే టీచరు రెండు పడవల మీద నిలబడ్డట్టే. ఆ సందులో రికార్డులు నిండుతాయి, ఒత్తులు రాని పిల్లవాడు ‘పుస్తకం’ని ‘పుసకం’ అనే చదువుతాడు.

మెట్లుగా విడగొడితే చదువు కొలవగలిగిన ముక్కలకే కుదించుకుపోతుందన్న ఆక్షేపణ తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. కథ విని నవ్వడానికి మెట్టు లేదు. అందుకే ఈ పద్ధతిని చదవడం, రాయడం, లెక్క అన్న పునాది దాకానే పట్టుబట్టాలని నా అభిప్రాయం. సాంఘిక శాస్త్రాన్ని కార్డులుగా కోస్తే చర్చ చచ్చిపోతుంది. పదో తరగతి పరీక్ష అందరికీ ఒకే రోజు కదా అనేవారున్నారు. నిజమే. ఆ రోజు బీజగణితం ముందు నిలబడే పిల్లవాడికి తీసివేత ఐదేళ్ల ముందే వచ్చి ఉండాలన్నదే నా వాదన కూడా. టీచరుకు పని పెరుగుతుందన్న మాట మాత్రం మొదటి సంవత్సరానికి పూర్తిగా నిజం. కార్డులు ఆమె చేత రాత్రుళ్లు కత్తిరించి రాయించకుండా, తయారుగా బడికి పంపడం శాఖ బాధ్యత.

మేడ్చల్, శామీర్‌పేటలకు ఇది మరీ అవసరం. ఫ్యాక్టరీల్లోకి, కట్టుబడి పనుల్లోకి ఒడిశా నుంచి, బిహార్ నుంచి కుటుంబాలు వస్తుంటాయి. పని అయిపోతే పిల్లలతో సహా తరలిపోతాయి. వాళ్ల రాకపోకలకు జూన్, ఏప్రిల్ పట్టవు. నవంబర్‌లో గుమ్మంలో నిలబడ్డ తొమ్మిదేళ్ల పిల్లను వయసు చూసి నాలుగో తరగతిలో కూర్చోబెడతారు. తెలుగు అక్షరం తెలియకపోయినా ఒడియాలో ఆమె చక్కగా చదవగలదేమో, తీసివేత అందరికంటే ముందే చేస్తుందేమో. టీసీ ఉన్నా అందులో తరగతి, పుట్టిన తేదీ ఉంటాయి. ఏ మెట్టు మీద ఆగిందో రాయడానికి దాంట్లో గడి లేదు.